స్ప్రింగు ఎయిర్ రైఫిల్‌కి స్కోప్ మౌంటు: రాయగడ, సునాబేడల మధ్య ఒక ప్రాజెక్టు డైరీ

సంక్రాంతి అయ్యాక

రైఫిల్ దేశవాళీదే. .177 అంగుళాల బోరు (గొట్టం లోపలి వ్యాసం), స్ప్రింగు పిస్టన్, గొట్టం మడిచి కాక్ చేసే, అంటే స్ప్రింగుని నొక్కి సిద్ధం చేసే రకం. విశాఖలో ఒక స్నేహితుడి దగ్గర వేగం కొలిచే క్రోనోగ్రాఫ్ ఉంటే కొలిపించాను. అర గ్రాము పెల్లెట్ (గుండు) సెకనుకు 180 మీటర్ల దగ్గర పోతోంది. అంటే శక్తి 8 జౌళ్లు. 2016 ఆయుధ నియమాల ప్రకారం .177 బోరు మించకుండా, 20 జౌళ్లు దాటకుండా ఉన్న ఎయిర్‌గన్‌కి లైసెన్సు అక్కర్లేదు. ఊరి బయట మా మామిడితోటలో మట్టిదిబ్బ ఉంది. దాని ముందు ఇసుక బస్తాలు పేర్చి, వాటికి కాగితం గురి అంటించి 10, 20 మీటర్ల నుంచి కొడుతుంటాను.

తుపాకి భుజాన కనబడితే మా వైపు ఎవరైనా ముందు అడిగేది వేట గురించే. ఒడిశాలోని కోరాపుట్ కొండల్లో చైత్ర పర్వానికి వేటకెళ్లే ఆనవాయితీ ఉన్న ఊళ్లు ఉన్నాయి, పెద్దల కబుర్లలో పులులూ దుప్పులూ ఇంకా తిరుగుతూనే ఉంటాయి. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక ఆ రోజులు పోయాయి, పోవడమే మంచిది. ఈ రైఫిల్ కాగితానికీ రేకు డబ్బాకీ మాత్రమే. తోటలోకి వచ్చే చిలకల జోలికి పోయేది లేదని పిల్లలకి కూడా గట్టిగా చెప్పి ఉంచాను.

స్కోప్ (గురి చూసే దుర్భిణి) కొన్నాను. 3-9×40 (3 నుంచి 9 రెట్లు పెంచి చూపేది, ముందు అద్దం 40 మిల్లీమీటర్లు), ఒక అంగుళం ట్యూబు, ముందు అద్దం చుట్టూ తిప్పి దూరం సర్దుకునే రకం. ఆ సర్దుబాటు ఎయిర్ రైఫిల్‌కి తప్పనిసరి. వేట రైఫిళ్ల మీద పెట్టే మామూలు స్కోప్‌లలో చాలావాటికి పారలాక్స్‌ని, అంటే కన్ను కదిపితే గురి జరిగినట్టు కనబడే తేడాని, 100 గజాలకి సరిచేసి వదిలేస్తారు. వాటితో 10 మీటర్ల కాగితాన్ని చూస్తే బొమ్మ మసగ్గా ఉంటుంది, కన్ను కాస్త కదిపితే క్రాస్‌హెయిర్ (స్కోప్‌లో కనబడే కూడలి గీతలు) గురి మీద అటూ ఇటూ తేలుతుంది. ఈ స్కోప్ 10 గజాల దాకా దిగుతుంది.

స్కోప్ ఎంపిక అంతటితో తేలిపోయింది. అసలు పని దాన్ని రైఫిల్ మీద కూర్చోబెట్టడం. ట్యూబుని చుట్టి పట్టే రింగుల గురించి, వాటిని రైఫిల్‌కి బిగించే మౌంట్ల గురించి దొరికే సలహాల్లో చాలావరకు వేట రైఫిళ్లను దృష్టిలో పెట్టుకుని రాసినవే. వాటిలో సగం స్ప్రింగు రైఫిల్‌కి తిరగేసి పాటించాలని నాకు ఇప్పుడు తెలుసు. అందుకే ఈ డైరీ.

గాడి కొలత

వేట రైఫిళ్ల లోకంలో స్కోప్ రింగులు బిగించే పట్టాలకి ఒక పద్ధతి ఉంది. వీవర్ పట్టాలో అడ్డగాడి వెడల్పు 4.57 మిల్లీమీటర్లు. పికాటిన్ని పట్టాలో 5.23, ఒక గాడి నడుమ నుంచి ఇంకో గాడి నడుమకి 10.01. ఈ రెండోదానికి అమెరికా సైన్యం 1995లో ప్రమాణం రాసింది. వీవర్ రింగు పికాటిన్ని పట్టా మీద కూర్చుంటుంది. పికాటిన్ని రింగు అడ్డబోల్టు వీవర్ గాడిలో పట్టదు. అంతవరకు తెలిస్తే కొనేటప్పుడు పెద్దగా పొరబడరు.

ఎయిర్ రైఫిల్‌కి ఆ సౌకర్యం లేదు. రైఫిల్ సిలిండరు నెత్తి మీద పొడవునా రెండు గాళ్లు చెక్కి ఉంటాయి, ఆ భాగాన్నే రైలు అంటారు. ‘11 మిల్లీమీటర్ల డవ్‌టెయిల్’ అని అమ్ముతారుగానీ తయారీదారుని బట్టి అది 9.5 నుంచి 13 దాకా ఉంటుంది. గాడి వాలు కూడా ఒకటి కాదు. కొన్ని 45 డిగ్రీలు, కొన్ని 60. వెడల్పు సరిపోయి వాలు కలవకపోతే గాడిని పట్టే రింగు దవడ అంచు మీద మాత్రమే నిలబడుతుంది. స్క్రూ ఎంత బిగించినా ఆ సన్నటి అంచు లోహాన్ని కొరుకుతుందే తప్ప పట్టుకోదు.

వెర్నియర్‌తో పైన కొలిస్తే మాది 10.9 వచ్చింది. వాలు కనుక్కోవడానికి సునాబేడ మావయ్య ఫోన్లోనే ఉపాయం చెప్పారు. ఆయన అక్కడి హెచ్‌ఏఎల్ విమాన ఇంజిన్ల ఫ్యాక్టరీలో టర్నరుగా చేసి రిటైరయ్యారు. కొలతల విషయంలో ఆయన మాటే నాకు ప్రమాణం.

“అల్లుడూ, ఒకే సైజువి రెండు డ్రిల్ బిట్లు తీసుకో. కాడలు రెండు గాళ్లలో పెట్టి వాటి మీద నుంచి కొలు. తర్వాత ఇంకో సైజు కాడలు పెట్టి మళ్లీ కొలు. రెండు కొలతలూ నాకు చెప్పు, వాలు నేను లెక్కేస్తాను.”

చెప్పాను. 60 డిగ్రీలని తేల్చారు.

డబ్బాలో వచ్చిన రింగులు

స్కోప్‌తో పాటు రెండు విడి రింగులు వచ్చాయి. వాటిని పారేయకుండా ముందు పరీక్షకి వాడాను. దవడలకి పర్మనెంట్ మార్కర్ రాసి, రైలు మీద బిగించి, విప్పి చూస్తే ఇంకు పై అంచు దగ్గర గీతలా చెరిగింది. మిగతా ముఖమంతా నల్లగానే ఉంది. అంటే తగులుతున్నది ఆ గీత మేరకే. దవడలు 45 డిగ్రీలవి.

బిగించే ముందు స్కోప్ క్రాస్‌హెయిర్‌ని నడుమకి తెచ్చాను. అట్టపెట్టె రెండు గోడల్లో V ఆకారంలో కోసి, ట్యూబుని దాంట్లో పడుకోబెట్టి, దూరంగా గోడ మీద చుక్కని చూస్తూ స్కోప్‌ని చేత్తో తిప్పాలి. క్రాస్‌హెయిర్ గుండ్రంగా తిరిగితే నడుమలో లేనట్టు. రెండు టరెట్లూ (క్రాస్‌హెయిర్‌ని పైకీ కిందకీ, పక్కలకీ జరిపే మరలు) కొంచెం కొంచెం సర్దుతూ పోతే ఒక దశలో స్కోప్ తిరుగుతున్నా క్రాస్ చుక్క మీదే నిలిచిపోతుంది. ఈ పని చేయనివాళ్లకి ఆ తర్వాత వచ్చే ఏ కొలతా నమ్మదగ్గది కాదు. మౌంటు తప్పు ఎంత, టరెట్ తిప్పుడు ఎంత అన్నది విడదీయలేరు.

అలా నడుమలో పెట్టిన స్కోప్‌తో 10 మీటర్ల దగ్గర కొడితే దెబ్బలు గురికి దాదాపు పదకొండున్నర సెంటీమీటర్లు కింద పడ్డాయి. ఆ లెక్క తర్వాత చెప్తాను. ఇంకో సంగతి ముందు.

కొడుతూ ఉంటే దెబ్బల గుంపు మెల్లగా జరగడం మొదలైంది. రైలు మీద రింగు వెనక అంచు దగ్గర ముందే పెన్సిలు గీత పెట్టి ఉంచాను. సాయంత్రానికి ఆ గీత రింగు కిందకి వెళ్లిపోయింది. రింగులు రెండూ నా కంటి వైపు జారాయి.

ఎటు జారుతుంది, ఎందుకు

ఈ ప్రాజెక్టు మొత్తానికి కీలకం ఇదే, కాబట్టి తీరిగ్గా రాస్తున్నాను.

మందుగుండు రైఫిల్ పేలినప్పుడు తుపాకి వెనక్కి తన్నుతుంది. స్కోప్‌కి బరువుంది, అది ఉన్నచోటే ఉండాలని చూస్తుంది. తుపాకి వెనక్కి పోతే స్కోప్ దాని మీద ముందుకు జారబోతుంది. అందుకే పికాటిన్ని పట్టా మీద రింగు పెట్టేటప్పుడు అడ్డబోల్టుని గాడి ముందు గోడకి ఆనేలా ముందుకు నెట్టి, అప్పుడు బిగించమంటారు. జారడానికి ముందే ఇనుము ఇనుముకి అడ్డం పడుతుంది. తన్నుని మోసేది ఆ గోడ. స్క్రూల పని రింగుని కిందకి పట్టి ఉంచడమే.

స్ప్రింగు రైఫిల్ అలా కాదు. ట్రిగ్గర్ నొక్కగానే బరువైన పిస్టన్ ముందుకు దూసుకుపోతుంది, తుపాకి కాస్త వెనక్కి కదులుతుంది. ఇంతలోనే పిస్టన్ సిలిండర్ చివర నలిగిన గాలిని గుద్దుకుని ఆగుతుంది. ఆ గుద్దుకి తుపాకి ఒక్కసారిగా ముందుకు దూకుతుంది. రెండో కుదుపు మొదటిదానికంటే చాలా పదునైనది. ఆగి ఉన్న బస్సు హఠాత్తుగా ముందుకు దూకితే నిలబడ్డ మనిషి వెనక్కి తూలినట్టు, స్కోప్ వెనక్కి, అంటే కంటి వైపుకి జారుతుంది.

మందుగుండు రైఫిల్ భారీ తన్నుని ఏళ్ల తరబడి ఓర్చుకున్న స్కోప్‌లు చిన్న స్ప్రింగు రైఫిల్ మీద పాడైపోవడానికి కారణమూ ఇదే. లోపలి అద్దాలనీ క్రాస్‌హెయిర్‌నీ ఒక దిక్కు కుదుపుకి తట్టుకునేలా కట్టి ఉంటారు. ఇక్కడ రెండు దిక్కులా వస్తుంది. కొనేటప్పుడు స్ప్రింగు ఎయిర్ రైఫిల్‌కి పనికొస్తుందని తయారీదారు స్పష్టంగా రాసిన స్కోపే తీసుకోవాలి.

కాబట్టి వేట రైఫిల్ సూత్రం మనకీ వర్తిస్తుంది, దిక్కు మాత్రం తిరగబడుతుంది. అడ్డం పడే ఇనుము మౌంటుకి వెనక వైపు ఉండాలి. చాలా స్ప్రింగు రైఫిళ్ల రైలు వెనక చివర ఫ్యాక్టరీవాళ్లే చిన్న రంధ్రం వేసి ఇస్తారు. మౌంటు కింద నుంచి ఒక పిన్ను దిగి ఆ రంధ్రంలో కూర్చోవాలి. దాన్నే స్టాప్ పిన్ను అంటారు. మా రైఫిల్‌కి రంధ్రం ఉంది, డబ్బాలో వచ్చిన రింగులకి పిన్ను లేదు. ఘర్షణ మీద భరోసా పెట్టి స్క్రూలని ఇంకా ఇంకా బిగించేవాళ్లని చూశాను. గాడి అంచులు చితికిపోవడం తప్ప దానివల్ల ఒరిగేదేమీ లేదు.

ఒక హెచ్చరిక. రంధ్రం లేని రైఫిల్‌కి ఇంట్లో డ్రిల్ వేయొద్దు. రైలు కింద ఉన్నది పిస్టన్ పరిగెత్తే సిలిండరు. డ్రిల్ లోపలికి దిగితే రైఫిల్ ఇక పనికిరాదు. దానికి బదులు మౌంటు వెనక, గాడిని విడిగా పట్టుకునే స్టాప్ బ్లాకు పెట్టుకోవచ్చు. పిన్నంత గట్టిది కాదుగానీ నయమే.

గొట్టం కిందకి చూస్తోంది

ఇప్పుడు పదకొండున్నర సెంటీమీటర్ల లెక్క.

స్కోప్ నడుమ గీత గొట్టం నడుమ గీతకంటే 42 మిల్లీమీటర్లు పైన ఉంది. రెండూ సమాంతరమైతే పెల్లెట్ ఎలాగూ 42 కింద తగులుతుంది. 10 మీటర్లు పోయేలోపు భూమ్యాకర్షణకి ఇంకో 16 దిగుతుంది. మొత్తం 58. ఇంతవరకు న్యాయం. పడింది మాత్రం 115. మిగిలిన 57 ఎక్కడిది?

గొట్టానిది. మడిచే రకం రైఫిళ్లలో గొట్టం మూసినప్పుడు రైలుకి సమాంతరంగా కాకుండా మూతి కాస్త కిందకి వంగి ఉండటం మామూలే. ఇనుప గురితో కొట్టినంతకాలం దాని ఎత్తు సర్దేస్తుంది కాబట్టి తెలియదు. స్కోప్ పెడితే బయటపడుతుంది.

కోణంలో చూద్దాం. ఒక ఎంఓఏ, అంటే డిగ్రీలో అరవయ్యో వంతు, 10 మీటర్ల దగ్గర 2.9 మిల్లీమీటర్లు. న్యాయమైన 58కి 20 ఎంఓఏలు, గొట్టం వంపుకి ఇంకో 20. మొత్తం 40. నా స్కోప్ టరెట్ నడుమ నుంచి పైకి తిరిగేది 30 దాకానే. అంటే టరెట్‌తో గురి కుదరదు. కుదిరేంత దగ్గరగా వచ్చినా, టరెట్ చివరిదాకా తిప్పేస్తే లోపలి స్ప్రింగు పట్టు వదిలేస్తుంది, క్రాస్‌హెయిర్ కుదుపు కుదుపుకీ చోటు మారుతుంది. ఇలాంటప్పుడే చాలామంది స్కోప్ చెడిందని తిరిగి పంపేస్తారు.

దూరపు గురికి కొట్టే రైఫిళ్లకి 20 ఎంఓఏ వాలుతో పట్టాలు అమ్మేది ఈ కారణానికే. వెనక ఎత్తు, ముందు పల్లం. స్కోప్ కిందకి చూస్తుంది, గొట్టాన్ని పైకెత్తాల్సి వస్తుంది. నాకూ సరిగ్గా అంతే కావాలి. 100 మిల్లీమీటర్ల పొడవు మౌంటులో వెనక రింగు ముందుదానికంటే 0.58 మిల్లీమీటరు ఎత్తుగా ఉండాలి.

వెనక రింగులో కూల్‌డ్రింక్ డబ్బా రేకు ముక్కలు వేయడం అందరికీ తెలిసిన చిట్కా. ఆ రేకు మిల్లీమీటరులో పదో వంతు మందం ఉంటుంది. ఒకటి రెండు వేస్తే సరే. ఆరు వేస్తే రెండు రింగుల నడుమ గీతలు కలవవు. పై మూతలు బిగించగానే ట్యూబు వంగుతుంది, అల్యూమినియం ట్యూబు మీద గాట్లు పడతాయి, లోపలి కదలిక బిగుసుకుంటుంది. నాకు అది నచ్చలేదు.

మావయ్యకి అంకెలన్నీ చదివి వినిపించాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత, “ఏటల్లుడూ, దీనికి కొనడం ఎందుకు? మనమే చేద్దాం. దిమ్మ నేను చూస్తాను, నువ్వు రైఫిలూ స్కోపూ తీసుకుని రా,” అన్నారు.

రింగు ఎత్తు

వెళ్లే ముందు ఒక కొలత మిగిలింది. స్కోప్ ముందు గంట, అంటే ముందు అద్దం ఉండే వెడల్పాటి చివర, బయటి వ్యాసం 47 మిల్లీమీటర్లు. సగం 23.5. గంటకీ రైలుకీ మధ్య కనీసం రెండున్నర మిల్లీమీటర్ల సందు ఉండాలి. అంటే రైలు పై నుంచి స్కోప్ నడుమకి 26. కానీ స్కోప్‌ని ముందుకు వంచుతున్నాం, గంట ముందు రింగుకి ఇంకా ముందుంటుంది, అక్కడ మరో అర మిల్లీమీటరు దిగుతుంది. అందుకని 27 పెట్టుకున్నాం. అంతకు మించితే చెంప తుపాకి కర్రకి ఆనదు, గడ్డం మీద గురి చూడాల్సి వస్తుంది. చెంప ఒకేచోట ఆనకపోతే కన్ను ఒకేచోట ఉండదు.

లో, మీడియం, హై అని రింగుల మీద రాసి ఉంటుంది. ఆ మాటలకి కంపెనీ కంపెనీకీ అర్థం మారుతుంది. మిల్లీమీటర్లలో ఎత్తు రాయని రింగులు కొనకండి.

సునాబేడ

రాయగడలో రైలెక్కితే దమన్‌జోడి మీదుగా కోరాపుట్ దాకా కొండలూ సొరంగాలే. తుపాకిని సంచిలో మూసి, కొన్న బిల్లూ గుర్తింపు కార్డూ జేబులో పెట్టుకున్నాను. సునాబేడలో శివరాత్రికి కూడా చలి వదల్లేదు.

మావయ్య దగ్గర పని నేర్చుకున్న ఒడియా అతను జయపురంలో వర్క్‌షాపు పెట్టుకున్నాడు. లేతు, మిల్లింగు రెండూ ఉన్నాయి. ఆదివారం మాకు ఇచ్చేశాడు. వాళ్లిద్దరూ ఒడియాలో మాట్లాడుకుంటుంటే నేను కొలతలు తెలుగులో రాసుకుంటూ పక్కన నిలబడ్డాను.

6061 రకం అల్యూమినియం దిమ్మ. మావయ్య ముందుగా దాని మీద ముందు వైపుకి బాణం గీశారు. ఈ పనిలో ముందూ వెనకా తారుమారైతే వంపు రెట్టింపవుతుంది.

కింది ముఖాన 60 డిగ్రీల డవ్‌టెయిల్ కట్టరుతో ఒక పక్క దవడ చెక్కారు. రెండో పక్క విడి పలక, నాలుగు ఎం5 బోల్టులతో బిగుసుకునేది. పలక పొడవు మౌంటంతా ఉంది. విడి రింగుల దవడలు రెండూ కలిపినా గాడిని పట్టుకునే పొడవు ఇందులో మూడో వంతుండదు.

తర్వాత రింగుల మూతలు కోశారు. రంధ్రం చేశాక కోయొచ్చు కదా అని అడిగాను. మావయ్య నవ్వలేదు, విసుక్కోలేదు, పని ఆపి చెప్పారు. “ముందు రంధ్రం చేసి తర్వాత కోస్తే రంపం తిన్నంత మేర గుండ్రం పోతుంది. ముందే కోసి, మూతకీ ఒంటికీ మధ్య అర మిల్లీ రేకు పెట్టి బిగించి, అప్పుడు బోరు చెయ్యాలి. పని అయ్యాక రేకు తీసేస్తే, ట్యూబు మీద మూత దిగడానికి ఆ అర మిల్లీ మిగులుతుంది.” వాటికి ఎం4 స్క్రూలు, రింగుకి నాలుగు. అల్యూమినియంలో మర 10 మిల్లీమీటర్ల లోతుండాలని పట్టుబట్టారు. ఉక్కులో సరిపోయే నాలుగైదు చుట్లు అల్యూమినియంలో ఊడి వచ్చేస్తాయి. ట్యాపుకి కిరోసిన్ పోస్తూ ఒక్కో రంధ్రం చేత్తోనే దించారు.

ఇక బోరింగు. దిమ్మని లేతు క్రాస్ స్లైడు మీద కట్టి, బోరింగ్ బారుని చక్కుకీ టెయిల్ స్టాకుకీ మధ్య నిలబెట్టారు. ముందే 20 మిల్లీమీటర్ల డ్రిల్ రెండు రింగుల్లోంచి దింపి ఉంచారు కాబట్టి బారు దూరింది. బారు మీద ఒక్క టూలు బిట్టే ఉంటుంది. అదే ముందు రింగునీ వెనక రింగునీ ఒకే వరసలో కోసుకుంటూ పోతుంది. రెండు రంధ్రాలకీ ఒకే నడుమ గీత. కొన్న విడి రింగులకి ఇది ఉండదు. అందుకే వాటిలో కార్బొరండం పేస్టు పూసిన ఉక్కు కడ్డీ పెట్టి ముందుకీ వెనక్కీ అరగదీసి కలుపుకోవాలి. ఇక్కడ ఆ పని పడలేదు.

వాలు కోసం చేసింది ఇంతే. దిమ్మ ముందు చివర కింద 0.6 మిల్లీమీటర్ల ఫీలర్ గేజి రేకు పెట్టారు. వినగానే నాకు తిరగేసి అనిపించింది, వెనక కదా ఎత్తు కావాల్సింది? కాగితం మీద బొమ్మ గీసి చూపించారు. బారు ఎప్పుడూ సమంగానే ఉంటుంది. దిమ్మ ముందు భాగం పైకి లేస్తే అక్కడ రంధ్రం అడుగుకి దగ్గరగా పడుతుంది, వెనక దూరంగా పడుతుంది. రేకు తీసి దిమ్మని బల్ల మీద పెడితే వెనక రంధ్రం ఎత్తులో ఉంటుంది. 100కి 0.6 అంటే 20 ఎంఓఏల కంటే పిసరంత ఎక్కువ. గొట్టం వంపుని మింగేస్తుంది. మిగిలిన 20 ఎంఓఏలు టరెట్ మోస్తుంది, ఇంకా 10 చేతిలో ఉంటుంది.

25.4కి దగ్గరపడ్డాక ఒక్కో కోతకీ వెంట్రుకవాసి తీశారు. చివరికి స్కోప్ ట్యూబు వేలితో నెడితే దిగింది, వదిలితే నిలిచింది.

పిన్నుకి 12.9 గ్రేడు ఎలెన్ బోల్టు కాడ వాడారు. కింది సగం రైఫిల్ రంధ్రానికి సరిపడా సన్నగా, పై సగం మౌంటులో బిగుతుగా దిగేలా లావుగా, మెట్టుతో తిప్పారు. రంధ్రం లోతు ముందే కొలిచి, పిన్ను దానికంటే కాస్త పొట్టిగా ఉంచారు. పిన్ను అడుగుని తాకితే మౌంటుని పైకి లేపుతుంది, గాడి పట్టు పోతుంది.

ఆ రాత్రి మావయ్య పాత ఎన్‌ఫీల్డు స్నైపర్ రైఫిళ్ల సంగతి తీశారు. రెండో ప్రపంచ యుద్ధంలో నంబర్ 4 టి రైఫిళ్లకి స్కోప్‌లని హాలండ్ అండ్ హాలండ్ కంపెనీ ఒక్కోటీ విడిగా అమర్చేది. ఏ రైఫిల్‌కి అమర్చిన స్కోప్ దానికే, ఆ స్కోప్ నంబరుని రైఫిల్ కర్ర మీద కూడా కొట్టేవారు. లక్షల్లో తయారయ్యే రైఫిల్‌కి కూడా మౌంటు దగ్గరకొచ్చేసరికి ఒక మనిషి ఒక తుపాకి ముందు కూర్చోక తప్పలేదన్నది ఆయన మాట. రాయగడ తిరిగొచ్చాక మా మౌంటు అడుగున రైఫిల్ నంబరు చెక్కించాను.

బిగింపు

ముందు అన్నీ పెట్రోలుతో తుడిచాను. నూనె మరక ఉన్నచోట లాక్‌టైట్ (స్క్రూలు వదులవకుండా పట్టే జిగురు) పట్టదు, దవడా పట్టదు. పిన్ను రంధ్రంలో దిగాక మౌంటుని వెనక్కి లాగి, పిన్ను రంధ్రం వెనక గోడకి ఆనిందని చేతికి తెలిశాకే పక్క పలక బోల్టులు బిగించాను. ఎం5 బోల్టులకి 3 న్యూటన్ మీటర్లు. సైకిల్ రిపేరువాళ్లు వాడే చిన్న టార్క్ రెంచ్ దీనికి చక్కగా సరిపోతుంది.

స్కోప్‌ని మూతల్లో వదులుగా ఉంచి కంటి దూరం చూసుకున్నాను. కళ్లు మూసుకుని రైఫిల్ భుజానికెత్తి, చెంప ఆనించి, కళ్లు తెరవాలి. చిత్రం చుట్టూ నల్ల నీడ లేకుండా నిండుగా కనబడాలి. 9 రెట్ల దగ్గరే ఇది చూడాలి. తక్కువ రెట్ల దగ్గర కన్ను ఎక్కడున్నా కనబడినట్టే ఉంటుంది.

నిలువు గీతకి తోటలో కొమ్మకి తాపీమేస్త్రి గుండుతాడు వేలాడదీశాను. రైఫిల్‌ని ఇసుక సంచుల మధ్య బిగించి, రైలు మీద రసమట్టం అడ్డంగా పెట్టి సమం చేసి, స్కోప్‌ని నిలువు గీత తాడు మీద కూర్చునేదాకా తిప్పాను. మూతల స్క్రూలు ఎదురెదురు మూలలవి ఒకదాని తర్వాత ఒకటి, రెండు పక్కలా సందు సమంగా ఉండేలా, 1.8 న్యూటన్ మీటర్లు. ఒక పక్క పూర్తిగా బిగించి రెండో పక్కకి వెళ్తే స్కోప్ తిరిగిపోతుంది, పెట్టిన మట్టం వృథా. మూత స్క్రూలకి లాక్‌టైట్ వేయలేదు. పక్క పలకవాటికే నీలం రకం, ఒక్కో చుక్క.

మౌంటుకీ రైలుకీ మధ్య, ట్యూబుకీ రింగుకీ మధ్య మా ఆవిడ నెయిల్ పాలిష్‌తో సన్నటి గీతలు పెట్టాను. జారితే గీత విరుగుతుంది.

ఉగాది తర్వాత

పొద్దున్నే, గాలి లేవకముందు. స్కోప్‌ని మళ్లీ నడుమకి తెచ్చే ఉంచాను కాబట్టి మొదటి గుంపు ఎక్కడ పడాలో ముందే తెలుసు. 10 మీటర్ల దగ్గర గురికి 58 మిల్లీమీటర్ల కింద. పడింది 56. లేతు మీద పెట్టిన ఆ రేకు ముక్క చేసిన పని కాగితం మీద కనబడుతుంటే కలిగిన సంతోషం నాకు ఇంకా ఉంది. వెంటనే మావయ్యకి ఫొటో పంపాను. ఆయన స్కేలు పక్కన పెట్టి ఇంకోటి తీసి పంపమన్నారు.

టరెట్‌తో మిగతాది సర్ది 20 మీటర్లకి గురి కుదిర్చాను. 10కీ 20కీ కావాల్సిన కోణం దాదాపు ఒకటే వస్తుంది. దూరం పెరిగితే స్కోప్ ఎత్తు వల్ల పడే కోణం తగ్గుతుంది, పెల్లెట్ దిగుడు పెరుగుతుంది, ఒకదాన్నొకటి సరిపెట్టుకుంటాయి. అందుకని రెండు దూరాలకీ టరెట్ ముట్టక్కర్లేదు. పారలాక్స్ రింగు మాత్రం తిప్పుకోవాలి. దాని మీద అచ్చేసిన అంకెలని నమ్మకుండా, 10, 20 మీటర్ల దగ్గర కన్ను కదిపినా క్రాస్‌హెయిర్ కదలని చోట్లు వెతికి తెల్ల పెయింటుతో చుక్కలు పెట్టాను.

ఒక డబ్బా పెల్లెట్లు అయిపోయాయి. నెయిల్ పాలిష్ గీతలు ఎక్కడా విరగలేదు. 20 మీటర్ల గుంపు ఐదు రూపాయల బిళ్ల కింద దాగుతోంది. పాత రింగులతో ఉదయం కుదిరిన గురి సాయంత్రానికి పోయేది. ఇప్పుడు వారం తర్వాత సంచిలోంచి తీసినా అక్కడే ఉంటోంది.

మా పెద్దనాన్నగారికి లైసెన్సు ఉన్న .315 రైఫిల్ ఉంది, పంట కాపలాకి ఎప్పుడో తీసుకున్నది. బ్రిటిష్ కాలంలో సైన్యం వాడే .303 తూటాని మన దేశంలో పౌరులకి ఇవ్వకూడదని, మాన్‌లిషర్ 8×50 తూటాని .315 పేరుతో తెచ్చిన వంశం దానిది. మా మౌంటు చూసి దానికీ స్కోప్ పెట్టించమన్నారు. కుదరదని చెప్పాను. ఆ రైఫిల్‌కి పైన రైలూ లేదు, గాడీ లేదు. స్కోప్ కావాలంటే రిసీవరుకి రంధ్రాలు వేసి మర కొట్టాలి. మందుగుండు పీడనాన్ని మోసే ఉక్కు మీద అది లైసెన్సున్న గన్‌స్మిత్ మాత్రమే చేయదగ్గ పని. మావయ్య లాంటి చేయి తిరిగిన టర్నరు కూడా దాన్ని ముట్టుకోనన్నారు. పెద్దనాన్నగారు ఒప్పుకున్నారు.

మిగిలింది ఒక్క మార్పు. పక్క పలక అల్యూమినియంది. రైలు ఉక్కు. విప్పి బిగించినప్పుడల్లా పలక దవడ మీద మెరుపు గీతలు పడుతున్నాయి. వానాకాలంలో రైఫిల్ లోపల గ్రీసు మార్చడానికి మౌంటు తీయాలి, అప్పటికి ఉక్కు పలక తయారుచేసి ఉంచుతానన్నారు మావయ్య. డ్రిల్ కాడల మీద తీసిన కొలతలు ఆయన దగ్గర రాసి ఉన్నాయి కాబట్టి నేను మళ్లీ రైఫిల్ మోసుకెళ్లక్కర్లేదు. పలకని కోరాపుట్ బండిలో వచ్చేవాళ్లెవరితోనైనా పంపిస్తారు.